అందరికీ ఒకే ధడా

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్లేటప్పటికి నేను మా షెడ్డు నడిమధ్యన, చేతిలో బెల్లం పళ్లెంతో నిలబడి ఉన్నాను. అంతకు ముందు జరిగింది క్లుప్తంగా చెబుతాను. రాజంపేట దాటాక రోడ్డు పక్కన నాకొక అరటికాయల ప్యాకింగ్ షెడ్డు ఉంది. మగవాళ్లు తోటల్లో గెలలు కోసి బొలెరోలో తెస్తారు. ఆడవాళ్లు వాటిని వరసకొక అత్తంగా విడదీసి, తొట్లలో కడిగి, పెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టెలు చల్లటి కంటైనరెక్కి ఓడరేవుకు పోతాయి. పాత మేస్త్రీ పని మానేశాడు కాబట్టి కొత్త మేస్త్రీ కావాలి. ఆడైనా మగైనా ఎవరైనా రావచ్చు, అందరికీ ఒకటే పరీక్ష అని నేను షెడ్డంతా వినపడేలా చెప్పాను. ఆ పరీక్ష ఈ రోజు తెల్లవారుజామున తోటలో పెట్టాను. ఏ గెల ఇప్పుడు కోయాలో, ఏది ఆగాలో చూసి దారం కట్టడమే పరీక్ష. మగవాళ్లు గుంపుగా వచ్చారు. ఆడవాళ్లలో నాగలత ఒక్కతే వచ్చింది. ఉమామహేశ్ గెలిచాడు. నాగలత కట్టిన దారాల్లో సగానికి పైగా తప్పు. షెడ్డుకు తిరిగొచ్చి అందరి ముందూ ఉమామహేశ్ పేరు చెప్పి, మేస్త్రీ ఈల అతని మెడలో వేసి, బెల్లం పంచుతున్నాను. సరిగ్గా అప్పుడే మా సరుకు కొనే కంపెనీ ఆఫీసరు శివాని ముందుకు వచ్చి, "ఓబుళేశు గారూ, ఈ పరీక్ష చెల్లదు" అంది.

నేను బెల్లం పళ్లెం కింద పెట్టి, ఆమెనూ నాగలతనూ కాటా గదిలోకి రమ్మన్నాను. తగువైనా బేరమైనా నలుగురి మధ్య చేయకూడదు. నలుగురి మధ్య అన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు, తీసుకోలేని మాట మీద బేరం తెగదు. మండీలో పాతికేళ్లు కమీషన్ వ్యాపారం చేసి నేర్చుకున్నది ఇది.

శివాని కడప అమ్మాయి. మాట సూటిగా ఉంటుంది, చూపు ఇంకా సూటిగా ఉంటుంది. షెడ్డులో పనిచేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కదా, మరి మేస్త్రీ ఎప్పుడూ మగవాడే ఎందుకయ్యాడని అడిగింది. ఇది కొత్తగా అడుగుతున్నది కాదు. వాళ్ల కంపెనీ అన్ని షెడ్లనూ అడుగుతున్నదే. ఈ మధ్యాహ్నం బెంగళూరు నుంచి వాళ్ల పెద్దాయన వస్తున్నాడు. ఆయన చూడాలనుకుంటున్నది మా తొట్లనూ పెట్టెలనూ కాదు, మా షెడ్డును నడిపించేవాళ్లలో ఆడమనిషి ఉందా లేదా అన్నది. లేకపోతే వచ్చే కోతల సరుకంతా కోడూరు దగ్గర ఇంకో షెడ్డుకు పోవచ్చు. అదీ నా మెడ మీద ఉన్న కత్తి.

నేను తేలిగ్గా లొంగే మనిషిని కాను. తలుపు అందరికీ తీశాను, ఒక్కరే వస్తే నేనేం చేస్తానన్నాను. తలుపు తీసినంత మాత్రాన చాలదు, గడప ఎవరికి ఎంత ఎత్తుందో కూడా చూడాలని శివాని అంది. అందరినీ ఒకేలా చూడటం వేరు, అందరికీ న్యాయం జరిగేలా చూడటం వేరట. మాట బాగానే ఉందిగానీ అరటికాయకు ఆడా మగా తెలియదని నేనన్నాను. ముదిరిన గెలను గుర్తుపట్టలేక కోసి పెట్టెలో పెడితే, అది ఓడలోనే పండి పక్క పెట్టెలన్నిటినీ పండిస్తుంది. అవతలి రేవులో పెట్టె తెరిచేవాడు మేస్త్రీ ఆడదా మగవాడా అని అడగడు, కాయ నొక్కి చూస్తాడు. నేను కాయ తూకం చూశానేగానీ మనుషుల్ని చూడలేదన్నాను.

ఆ మాటకు శివాని కొంచెం తడబడింది. బేరంలో ఎదుటివాళ్లు తడబడిన చోటే మెట్టు దిగినట్టు కనిపించాలి. అందుకని నేనే ఒక దారి చూపించాను. ఉమామహేశ్ మేస్త్రీగానే ఉంటాడు. నాగలతకు రెండో మేస్త్రీ అని పేరు పెడదాం. పెద్దాయన ముందు ఆమె నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు. శివానికి అది పూర్తిగా నచ్చలేదు, కానీ మధ్యాహ్నం తరుముకొస్తోంది. సరేనన్నట్టు నాగలత వైపు తిరిగింది.

నాగలత గురించి చెప్పాలి. ఆమెదీ ఆమె భర్త హనుమేష్‌దీ కర్నూలు పడమటి దిక్కున, కోసిగి అవతలి ఊరు. అక్కడ వానలు తప్పి ఇక్కడికి వచ్చారు. హనుమేష్ మా బొలెరో తోలతాడు. తెల్లవారుజామున కోతవాళ్లను తోటలకు తీసుకుపోయేది అతనే. నాగలత పదో తరగతి దాకా చదివింది. పెట్టెలు కట్టే చివరి బల్ల దగ్గర చీటీలు అంటించే పని ఆమెది. ఏ తోట, ఏ రకం, ఏ దేశం అన్నదంతా ఆ చీటీ మీదే ఉంటుంది. ఈ ఉదయం భర్త తోలే బొలెరో మగవాళ్లతో ముందు పోతుంటే, ఆమె వెనక శివాని కారులో తోటకు వచ్చింది. నాకు అప్పుడది వింతగా తోచలేదు.

రెండో మేస్త్రీ మాట విని నాగలత జిగురంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"వద్దన్నా" అంది.

శివాని నచ్చజెప్పబోయింది. ముందు కుర్చీలో కూర్చుంటే పని తర్వాత నేర్చుకోవచ్చంది. నాగలత తల అడ్డంగా ఊపింది.

"పేరు పెట్టి ఊరికే ఇస్తే, మగోళ్లేమో గానీ మొదట తొట్టి కాడి ఆడోళ్లే నవ్వుతారు మేడం. నేను ఓడిపోయింది నిజమే. ఏంటికి ఓడిపోయినానో మీ ఇద్దర్లో ఒకరన్నా అడిగినారా?"

మేం జవాబు చెప్పే లోపలే బయటి నుంచి కేక వినపడింది.

"ఏమప్పా ఓబుళేశూ, కాటా కాడ మనిషి ఉండాడా, దయ్యం ఉండాదా?"

గిడ్డమ్మ. పెరటి తోటలో కాసిన చక్కెరకేళి అత్తాలు గంపలో పెట్టుకుని నెలకొకసారి వస్తుంది. అవి ఓడెక్కే సరుకు కాదు, రాజంపేటలో నలుగురు తెలిసినవాళ్లకు అమ్మిపెడతాను. షెడ్డులో ఎర్ర అంకెలు చూపించే కొత్త మిషన్లు ఉన్నాయి. ఆమెకు వాటి మీద నమ్మకం లేదు. అందుకే మండీ నాటి నా పాత కాటాను గదిలో దూలానికి వేలాడదీసి ఉంచాను. ఇటొక పళ్లెం, అటొక పళ్లెం, నడుమ ఇనప దండె.

మా మండీలో పూర్వం ఒక అలవాటు ఉండేది. రైతు సరుకు గంపతో సహా తూచి, గంపకింత అని అందరికీ ఒకే బరువు తీసేసేవారు. బరువైన గంప తెచ్చినవాడికి లాభం, తేలిక గంప తెచ్చినవాడికి నష్టం. అడిగితే అందరికీ ఒకటే లెక్క అని దబాయించేవారు. నేను మండీ పెట్టినప్పుడు ఆ పద్ధతి మార్చాను. ప్రతి ఖాళీ గంపనూ ఒక పళ్లెంలో పెట్టి, దానికి సరిపడా రాళ్లు ఏరి అవతలి పళ్లెంలో వేసి, ముందు కాటాను సమం చేసేవాణ్ణి. దాన్నే ధడా కట్టడం అంటారు. ఆ తర్వాతే సరుకు తూచేవాణ్ణి. ఆలస్యమయ్యేది, పక్క మండీవాళ్లు నవ్వేవారు. కానీ ఎర్రచెరువు దాటి, గండికోట కింది పల్లెల నుంచి కూడా రైతులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ధడా కట్టే ఓబుళేశు అన్నది నాకు నా తండ్రి పెట్టిన పేరు కంటే పెద్ద పేరు.

గిడ్డమ్మ గంప పళ్లెంలో పెట్టాను. బుర్రలో బెంగళూరు పెద్దాయన తిరుగుతున్నాడు. చేతికందిన రాయి తీసి అవతల వేశాను. గిడ్డమ్మ నా చేతిని చూసింది, రాయిని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"అది నీ ప్లాస్టిక్ డబ్బా రాయి గదప్పా. నా ఈతాకు గంపకు దాన్ని యేస్తాండావే. షెడ్డు కట్టినావని నా గంప బరువెక్కుతాదా?"

నిజమే. షెడ్డులో డబ్బాలన్నీ ఒకే అచ్చువి. వాటి బరువుకు సరిపోయే రాయి ఒకటి చేసి పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ అదే వేశాను. ఆమె గంప ఆ డబ్బాలో సగం కూడా తూగదు. సిగ్గుపడి రాయి తీస్తున్నాను. అప్పుడు నాగలత నా వెనక నుంచి నెమ్మదిగా అడిగింది.

"అన్నా, పొద్దున తోటలో మమ్మల్ని తూసినావే, ఆ రాయి యెవరి డబ్బాకు చేసింది?"

రాయి చేతిలోనే ఉండిపోయింది.

ఆమె ఆగలేదు, గొంతూ పెంచలేదు. ఈ షెడ్డులో ఆడవాళ్లకు గెల చెట్టు మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూసే అవకాశమే లేదంది. కోతవాళ్ల బండి ఆడవాళ్లు రాకముందే పోతుంది, ఆడవాళ్ల ఆటో గెలలు వచ్చే వేళకు వస్తుంది. ఆ వేళలు పెట్టింది నేను. తొట్లోకి వచ్చిన కాయే వాళ్లకు తెలుసు, చెట్టు మీది గెల తెలియదు. మగవాళ్లకు రోజూ చేసే పని పరీక్ష అయింది. ఆడవాళ్లకు ఎన్నడూ చూడని పని పరీక్ష అయింది. నేను అంతవరకు ఓపిగ్గా విన్నాను. జవాబు కూడా నా దగ్గర ఉంది. తోట తెలియని మనిషి మేస్త్రీ ఎలా అవుతుందని అడగబోయాను. అంతలో ఆమె ఇంకో మాట అడిగింది.

"పెట్టె మీద చీటీ సదివి, యే పెట్టె యే వరసలో పోవల్లనో చెప్పేది గూడా మేస్త్రీ పనే గదా. పరీక్షలో దాన్ని ఏంటికి పెట్టలేదన్నా?"

నా నోరు నా అనుమతి లేకుండానే జవాబు చెప్పింది.

"కోతోళ్లకు సదువు రాదు గదమ్మా. అది పెడితే ఒక్కడు గూడా..."

అక్కడ ఆగిపోయాను.

శివాని చేతులు కట్టుకుని నిలబడింది. గెలిచినట్టు ఒక్క నవ్వు కూడా నవ్వలేదు, అందుకు ఆమెను మెచ్చుకోవాలి. పరీక్ష తయారుచేసేటప్పుడు చదువు సంగతి నాకు గుర్తుంది. మగవాళ్లకు చదువు రాదు కదా, పాపం, అని దాన్ని తీసేశాను. అది తీసేస్తున్నానని కూడా అనిపించలేదు. వాళ్ల గంప బరువు వాళ్లు అడగకుండానే తీసేసి, వాళ్లకు ధడా కట్టి, ఆ తర్వాత అందరికీ ఒకటే పరీక్ష అని చాటాను. ఆడవాళ్ల గంప బరువు మాత్రం అలాగే ఉంచి తూచాను. పేరేమో ధడా కట్టే ఓబుళేశు.

"రాయి మారుస్తావా, నన్ను ఇంటికి పొమ్మంటావా?" అంది గిడ్డమ్మ.

నేను నవ్వేశాను. నిజంగానే నవ్వు వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, మండీ తెరిచిన మొదటి రోజు కాటా ముందు నిలబడినప్పుడు ఒంట్లో పాకిన ఉత్సాహం మళ్లీ పాకింది. లెక్క తప్పు ఎక్కడుందో కనపడకపోతే వ్యాపారి బతుకు నరకం. కనపడిందంటే సగం లాభం చేతికి వచ్చినట్టే. గిడ్డమ్మ గంపకు చిన్న చిన్న రాళ్లు ఏరి సరిగ్గా ధడా కట్టి, అత్తాలు తూచి, ఆమె చూస్తుండగా తూకం చెప్పాను. చెబుతూనే బుర్రలో కొత్త పరీక్ష తయారైపోతోంది.

కానీ ఆ పరీక్షకు ఉమామహేశ్ అడ్డం ఉన్నాడు. వాకిట్లో నిలబడి ఉన్నాడు, మెడలో ఈల మెరుస్తోంది. లోపలి మాటలు ఎంతవరకు విన్నాడో తెలియదు. శివానినీ నాగలతనూ బయటికి పంపి, గిడ్డమ్మను సాగనంపి, అతన్ని లోపలికి పిలిచాను. మళ్లీ తూచాలి అన్నాను.

ఉమామహేశ్ మంచివాడు. గెల మీద చెయ్యి వేశాడంటే దాని వయసు చెప్పగలడు. వాళ్ల నాన్న బతుకంతా ఇతరుల మండీల్లో మూటలు మోశాడు. కొడుకును మేస్త్రీ అని నలుగురు పిలవడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి. నేను ఈల వేసిన వెంటనే అతను ఫోనులో ఇంటికి చెప్పడం చూశాను.

"కాటా మింద ఒకసారి చెప్పిన తూకం మార్చేది ల్యాదని మాకు నేర్పింది నువ్వే గదన్నా" అన్నాడు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మండీలో అంతకు మించిన నియమం లేదు. కానీ దాని పక్కనే ఇంకో నియమం ఉంది. ధడా రాయి తప్పు పడిందని తెలిస్తే, సరుకు గేటు దాటే లోపల మళ్లీ తూచాలి. దాటిపోతే నష్టం వ్యాపారి భరించాలి. సరుకు ఇంకా గేటు దాటలేదు ఉమామహేశూ, నువ్వింకా ఒక్క పెట్టె కూడా ఎక్కించలేదు, అన్నాను.

"నాకెవరు కట్టినారన్నా ధడా?" అతను చూపు దించలేదు. "మా నాయన యేం మోసినాడో నీకు తెలీదా? ఆ బరువు నా నెత్తిన ల్యాదా? ఆయమ్మకొక్కదానికే గంప ఉండాదా?"

ఇలాంటి చోట చాలామంది వ్యాపారులు జాలి చూపించి, చేతిలో ఏదో పెట్టి పంపుతారు. నేను నిజం చెప్పాను. అతనికీ ధడా కట్టానని, అతనికి తెలియకుండా కట్టానని, చీటీలు చదివే భాగాన్ని పరీక్షలోంచి తీసేసింది అతని లాంటివాళ్ల కోసమేనని చెప్పాను. అలా కట్టడం తప్పు కాదని, ఒకరికి కట్టి ఇంకొకరికి కట్టకపోవడమే తప్పని చెప్పాను.

ఉమామహేశ్ మెడలోని ఈలను చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. తను నికార్సుగా గెలిచాననుకున్న గెలుపులో నా చెయ్యి ఉందని తెలియడం మామూలు దెబ్బ కాదు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"పెట్టెలు ఎక్కించేటప్పుడు ఆయమ్మ నాకు చీటీలు సదివి చెప్తాండేది... ఆ సంగతి లోపల చెప్పిందా?"

"ల్యాదు. నాకు నువ్వు చెప్తేనే తెలిసింది."

అతను మెడలోంచి ఈల తీశాడు. నా చేతికివ్వలేదు. కాటా దండె నడిమి కొక్కేనికి తగిలించాడు.

"ఈడ ఉండనీ. మళ్లీ తూసినాక తీసుకుంటా" అన్నాడు. నేనే తీసుకుంటానన్న ధీమా ఆ మాటలో ఉంది. అది నాకు నచ్చింది.

షెడ్డులో అందరినీ పిలిచి చెప్పాను. ఈ కోత ముగిసేదాకా మేస్త్రీ లేడు. తెల్లవారుజామున ఉమామహేశ్, నాగలత ఇద్దరూ తోటకు పోతారు, అక్కడ అతను ఆమెకు గెల చూడటం నేర్పుతాడు. మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర ఉంటారు, అక్కడ ఆమె అతనికి చీటీ చదవడం నేర్పుతుంది. కోత ముగిశాక పరీక్ష. ఎవరికి ఏది రాదో వాళ్లను అందులోనే పరీక్షిస్తాను. ఆమెను గెలలో, అతన్ని చీటీలో. ఎదుటివాళ్లకు సరిగా నేర్పకుండా ముంచుదామనుకుంటే అదీ తూకంలోకి వస్తుంది, ఎందుకంటే పక్కమనిషికి పని నేర్పడమే మేస్త్రీ పని. ఇంకెవరైనా రాదలచుకుంటే ఇప్పుడే చెప్పండి, తోటబండి అందరిదీ, అన్నాను.

మగవాళ్లలో గొణుగుడు మొదలైంది. తూకం తిప్పేశాడని ఒకడు, కంపెనీకి భయపడ్డాడని ఒకడు. బెల్లం తిన్నది వెనక్కి కక్కమంటాడా ఏమని ఒకడంటే చుట్టూ నవ్వారు. తొట్ల దగ్గర మాత్రం నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అక్కడ నుంచి ఒక చెయ్యి లేచింది. దాని పక్కనే ఇంకొకటి. లేచిన చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

శివాని నా పక్కకు వచ్చి, ఇది తను కోరిందే కానీ పెద్దాయనకు ఈ రోజు చూపించడానికి పేరు లేదే అని కంగారు పడింది. మేస్త్రీగా ఆడమనిషి సిద్ధంగా ఉందని ఆయనకు ముందే ఫోనులో చెప్పేసిందట. అదే ఈ అమ్మాయి చేసిన పొరపాటు. సరుకు రాకముందే తూకం చెప్పేసింది. పేరు చూపించలేను, కాటా చూపిస్తాను, అన్నాను. ధైర్యంగానే అన్నానుగానీ నా కళ్లు కంటైనరు మీదే ఉన్నాయి. అందులో ఇంకా చోటు మిగిలే ఉంది. అది నిండాలంటే తోట నుంచి ఇంకో బండి గెలలు ఇప్పుడే రావాలి. ఆయన వచ్చేసరికి కంటైనరు నిండకుండా కనపడితే, నా న్యాయమంతా చేతకానితనంలా కనపడుతుంది.

అందుకని మొదటి పాఠం రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోనీ అన్నాను. బొలెరో తీయమని హనుమేష్‌కు కేక వేశాను.

హనుమేష్ రాలేదు. బండి దగ్గరే నిలబడ్డాడు. మళ్లీ పిలిస్తే నింపాదిగా నడిచి వచ్చి, నన్ను దాటుకుని కాటా గదిలోకి పోయాడు. అందరూ వాకిట్లో గుమికూడారు. అతను జేబులోంచి బండి తాళం చెవి తీసి కాటా పళ్లెంలో పెట్టాడు. రెండు పళ్లేలూ సమంగా ఉన్న కాటా అటువైపు కొద్దిగా ఒరిగింది. దండె నడుమ ఈల ఊగింది.

"ఆ బండి నేను తోలనన్నా. నా పెండ్లాం మగోళ్ల మజ్జెన గెలల బండెక్కి పోతాంటే, ముందర కూసోని తోలేది నాతో కాదు. మా ఊర్లో తెలిస్తే నన్ను మడిసంటారా? దుడ్లకు ఆశపడి పెండ్లాన్ని తోలుకపోతాండాడంటారు."

అప్పుడు అర్థమైంది నాకు, తెల్లవారుజామున ఆమె శివాని కారులో ఎందుకు వచ్చిందో. నేను వేళలు మార్చగలను, పరీక్ష మార్చగలను, రాళ్లు మార్చగలను. కానీ ఆమె గంపలో అన్నిటికంటే బరువైన రాయి షెడ్డులోది కాదు. దానికి ధడా కట్టే కాటా నా దగ్గర లేదు.

నాగలత గుంపును తప్పించుకుని లోపలికి వచ్చింది. భర్త ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అని అందరం చూస్తున్నాం. ఆమె పళ్లెంలోంచి తాళం చెవి తీసుకుంది. కాటా మళ్లీ సమానమైంది.

"నువ్వు తోలొద్దులే. నేను తోలుకుంటా."

"నీకు..." అన్నాడు హనుమేష్.

"మన ఊర్లో ట్రాక్టరు నేర్పించింది నువ్వే గదా. బీడులో, ఎవురూ సూడకుండా. శానా బాగా తోలతాండావు అంటివి గదా. ఎవురూ సూడకుంటే బాగుండేది, నలుగురు సూస్తే బాగుండదా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. హనుమేష్‌ను కాటా దగ్గరే వదిలి, బయటికి నడిచి బొలెరో ఎక్కి కూర్చుంది. కోతవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఉమామహేశ్ ఒక్క క్షణం తటపటాయించి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. గెలలు చూపించాల్సింది నేనే కదా అన్నాడు, ఎవరూ అడగకపోయినా. అది చూసి ఒకడు వెనక ఎక్కాడు, వాడి వెనక మిగిలినవాళ్లు ఎక్కారు. తొట్టి దగ్గర చేతులెత్తిన ఇద్దరు ఆడవాళ్లు కూడా కొంగు బిగించుకుని పరుగున వచ్చారు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది. శివాని నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. నాకూ కేక వేయాలనిపించింది.

బండి కదిలింది. కంటైనరు నిలబడి ఉంటే మా షెడ్డు దారి ఒక్క బండికే సరిపోతుంది. ఒక పక్క కంటైనరు, ఇంకో పక్క ప్రహరీ గోడ. నాగలత ఆ సందులోకి బండిని తిన్నగా దూర్చి గేటు వైపు పోనిచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటులో తెల్లకారు తిరిగింది. పెద్దాయన అనుకున్న వేళకంటే ముందే వచ్చేశాడు. కారు గేటు దాటి సందు మొదట్లో ఆగి హారన్ కొట్టింది. బొలెరో కూడా ఆగింది. రెండు బండ్లూ ముఖాముఖి నిలబడ్డాయి. ఎవరో ఒకరు వెనక్కి పోతే తప్ప ఇంకొకరు ముందుకు పోలేరు. కారు డ్రైవరు అద్దం దించి, వెనక్కి తీయమని బొలెరోకు చేత్తో సైగ చేశాడు. నాగలత స్టీరింగ్ మీది చెయ్యి తీయలేదు.

బండ్లు ఇలా చిక్కుకున్నప్పుడు ముందుకో వెనక్కో పొమ్మని ఈల వేసేవాడు మేస్త్రీ. మా షెడ్డులో ఎవరి బండి ఎప్పుడు కదలాలన్నా ఆ ఈల మాటే చెల్లుతుంది. ఈ రోజు మేస్త్రీ లేడు. నా వెనక గదిలో కాటా దండె కిర్రుమంది.

తిరిగి చూశాను. కొక్కేనికి ఈల లేదు. అక్కడ నిలబడి ఉండాల్సిన హనుమేష్ కూడా లేడు.